అక్టోబరులో హెచ్-1బి వచ్చింది... ఏప్రిల్‌లో ఏ ఫారం?

జనవరి నెలాఖరుకి కంపెనీల నుంచి జీతం లెక్క చూపే డబ్ల్యూ-2లు అందుతాయి. ఆ మరుసటి వారం నుంచి నాకు ఉత్తరాల వరద. పిల్లల నుంచే కాదు, వాళ్ల అమ్మానాన్నల నుంచి కూడా. ఊళ్లు వేరు, కంపెనీలు వేరు, జీతాలు వేరు, ప్రశ్న మాత్రం దాదాపు ఒక్కటే: చదువు వీసా మీద వచ్చి ఉద్యోగ వీసాకు మారిన ఏడాది, అమెరికా పన్నుల శాఖ దృష్టిలో నేను ఎవరిని? నేనూ ఒకప్పుడు ఎఫ్-1 మీద దిగినదాన్నే. మొదటి రెండేళ్లు సీనియర్లు చెప్పిన ఫారమే నింపాను. అది తప్పని తెలిశాక వారం రోజులు నిద్రపట్టలేదు. అందుకే ఈసారి వచ్చిన వాటిలో ఎక్కువ మందికి పనికొచ్చేవి ఏరి, కాస్త వివరంగా రాస్తున్నాను. ఇందులో లెక్కలన్నీ 2025 ఆదాయానికి, అంటే 2026 ఏప్రిల్ 15లోగా వేయాల్సిన రిటర్నుకు సంబంధించినవి.

ప్రశ్న: 2022 ఆగస్టులో ఎం.ఎస్.కి వచ్చాను. 2024 మేలో డిగ్రీ చేతికొచ్చింది, ఓపీటీ మీద ఉద్యోగంలో చేరాను. 2025 అక్టోబరు 1 నుంచి హెచ్-1బి. రూమ్మేట్లలో ఒకరు "హెచ్-1బి వచ్చేసిందిగా, 1040 వేసెయ్" అంటున్నారు. ఇంకొకరు "సగం ఏడాది అది, సగం ఏడాది ఇది, నీది డ్యూయల్ స్టేటస్" అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఓ పాఠకుడు, ఇర్వింగ్, టెక్సాస్

జవాబు: ఇద్దరి మాటా వద్దు. 2025కి మీరు ఏడాది పొడవునా నాన్ రెసిడెంటే. 1040 రెసిడెంట్లది, మీ ఫారం 1040-ఎన్ఆర్.

ఎందుకో చెబుతాను. వీసా మారిన రోజున పన్ను హోదా దానంతట అది మారదు. దాన్ని తేల్చేది రోజుల లెక్క. సబ్‌స్టాన్షియల్ ప్రెజెన్స్ టెస్ట్ అంటారు. ఈ ఏడాది మీరు అమెరికాలో ఉన్న రోజులన్నీ, నిరుడు ఉన్న రోజుల్లో మూడో వంతు, అంతకు ముందటేడు ఉన్న రోజుల్లో ఆరో వంతు కలిపితే 183 రావాలి. ఈ ఏడాది కనీసం 31 రోజులు ఉండి తీరాలి. అప్పుడే రెసిడెంట్.

మరి మూడేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు కదా, 183 ఎప్పుడో దాటలేదా? దాటలేదు. ఎఫ్-1 మీద వచ్చినవాళ్లకు మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ లెక్కలోకే రావు. ఆ అయిదేళ్లలో మిమ్మల్ని ‘ఎగ్జెంప్ట్ ఇండివిడ్యువల్’ అంటారు. ఈ మాట ఎంతమందిని ముంచిందో! దాని అర్థం పన్ను నుంచి మినహాయింపు అని కాదు, రోజులు లెక్కపెట్టడం నుంచి మినహాయింపు అని. జీతం మీద పన్ను కట్టాల్సిందే. ఓపీటీ (చదువు తర్వాతి ఉద్యోగ శిక్షణ) కూడా ఎఫ్-1లో భాగమే కాబట్టి అప్పుడు గడిపిన రోజులూ లెక్కలోకి రావు.

మీకు 2022, 23, 24, 25... నాలుగో ఏడు నడుస్తుండగా హెచ్-1బి వచ్చింది. ఆ రోజు నుంచి మాత్రమే రోజులు లెక్కలోకి వస్తాయి. అక్టోబరులో 31, నవంబరులో 30, డిసెంబరులో 31, మొత్తం 92. వెనకటి రెండేళ్ల నుంచి కలిసేది సున్నా. 92 ఎక్కడ, 183 ఎక్కడ! అందుకే డ్యూయల్ స్టేటస్ కూడా కాదు. ఒకే ఏడాదిలో కొంత కాలం నాన్ రెసిడెంట్, కొంత కాలం రెసిడెంట్ అయినవాళ్లకే ఆ పేరు వర్తిస్తుంది. జనవరి నుంచి సెప్టెంబరు వరకు ఎఫ్-1లో ఉన్నారు కాబట్టి 1040-ఎన్ఆర్‌తో పాటు 8843 అనే ఫారం కూడా జతపరచండి.

ఇంకో సంగతి. నాన్ రెసిడెంట్లకు సాధారణంగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. భారతీయ విద్యార్థులకు మాత్రం ఉంది. 1989లో భారత్, అమెరికా కుదుర్చుకున్న పన్ను ఒప్పందంలో 21వ అధికరణం రెండో పేరా ఇచ్చిన హక్కు ఇది. మిగతా చాలా దేశాల విద్యార్థులకు లేదు. 2025కి ఈ మొత్తం 15,750 డాలర్లు. ఇది చదువుకీ, చదువులో భాగమైన శిక్షణకీ ముడిపెట్టిన హక్కు కాబట్టి, రిటర్నులో తీసుకునేటప్పుడు ఆ అధికరణం సంఖ్య తప్పకుండా రాయండి.

2026 జనవరి నుంచి మీరు రెసిడెంటే. మీ హెచ్.ఆర్. వాళ్లకు కొత్త డబ్ల్యూ-4 ఇప్పుడే ఇవ్వండి. చాలామంది ఇది మరచిపోయి ఏడాదంతా పాత లెక్కతోనే పన్ను కోయించుకుంటారు.

ప్రశ్న: నాకూ 2025 అక్టోబరులోనే హెచ్-1బి వచ్చింది. ఫిబ్రవరిలో పెళ్లయింది. నా భార్య అక్టోబరు వరకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, నవంబరులో హెచ్-4 మీద వచ్చింది. జాయింట్‌గా ఫైల్ చేస్తే చాలా మిగులుతుందని ఆఫీసులో అంటున్నారు. నాన్ రెసిడెంట్ జాయింట్‌గా వేయకూడదని మరో చోట చదివాను. ఏది నిజం?
— ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: రెండూ నిజమే. ఈ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను, ఎందుకంటే ఇక్కడ తొందరపడితే నష్టం, ఓపిక పడితే లాభం.

నాన్ రెసిడెంట్ హోదాలో జాయింట్ రిటర్ను కుదరదు. కానీ చట్టంలో రెండు వెసులుబాట్లున్నాయి. రెండూ కలిపి వాడితేనే మీకు దారి దొరుకుతుంది.

మొదటిది ‘ఫస్ట్ ఇయర్ చాయిస్’. 2024లో మీరు రెసిడెంట్ కాకుండా ఉండాలి. 2026లో రోజుల లెక్క ప్రకారం రెసిడెంట్ అవ్వాలి. 2025లో లెక్కలోకి వచ్చే రోజుల్లో వరసగా 31 రోజులు ఇక్కడ ఉండాలి, ఆ 31 రోజుల మొదటి రోజు నుంచి డిసెంబరు 31 వరకు నూటికి 75 రోజులైనా ఇక్కడ గడిపి ఉండాలి. ఇవన్నీ ఉంటే 2025 చివరి భాగానికి మిమ్మల్ని రెసిడెంట్‌గా చూడమని మీరే కోరుకోవచ్చు. మధ్యలో స్టాంపింగ్‌కని ఇండియా వెళ్లొచ్చి ఉంటే ఆ రోజులు జాగ్రత్తగా లెక్కేసుకోండి.

రెండోది: ఏడాది చివరి రోజున భార్యాభర్తల్లో ఒకరు రెసిడెంట్, మరొకరు కాకపోతే, ఇద్దరినీ ఏడాది మొత్తానికీ రెసిడెంట్లుగా చూడమని కోరవచ్చు. ఇద్దరూ సంతకాలు చేసిన ఒక ప్రకటనను 1040కి జతచేయాలి. మొదటి వెసులుబాటు వల్ల మీరు డిసెంబరు 31 నాటికి రెసిడెంట్ అవుతారు కాబట్టి రెండోది వాడుకోవడానికి తలుపు తెరుచుకుంటుంది.

లాభం ఎంత? మీ జీతం 90,000 డాలర్లు అనుకుందాం. విడిగా వేస్తే, ఒప్పందం కింద స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నా, ఫెడరల్ పన్ను 11,250 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. జాయింట్‌గా వేస్తే డిడక్షన్ 31,500, పన్ను 6,550 దగ్గర తేలుతుంది. దాదాపు 4,700 తేడా.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఏడాది మొత్తానికి రెసిడెంట్లు అంటే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా లెక్క చూపాలి. మీ ఆవిడ హైదరాబాద్ జీతం కూడా అందులోకి వస్తుంది. అది ఆరు లక్షలు అనుకుంటే దగ్గర దగ్గర 7,000 డాలర్లు. "అక్కడ కట్టిన పన్ను ఇక్కడ తగ్గించుకోవచ్చు కదా" అంటారు. కట్టి ఉంటే తగ్గించుకోవచ్చు. కానీ ఇండియాలో కొత్త పన్ను విధానం కింద రిబేటు వల్ల ఆమె ఏమీ కట్టి ఉండకపోవచ్చు. కట్టని పన్నుకు క్రెడిట్ ఉండదు. అయినా ఆ 7,000 మీద 12 శాతం చొప్పున పడేది 840 డాలర్లే, నికరంగా మీకు లాభమే. ఆమె జీతం పాతిక లక్షలైతే, లేదా పుట్టింటివారు ఆమె పేరున రాసిన ఇంటి మీద అద్దె వస్తుంటే లెక్క మారిపోవచ్చు. కాగితం మీద రెండు విధాలా వేసి చూశాకే నిర్ణయించుకోండి.

ఓపిక అన్నానే, అదిక్కడ. 2026లో మీరు రోజుల పరీక్ష దాటేదాకా ఈ రిటర్ను వేయడానికి వీల్లేదు. 2025లోని 92 రోజుల్లో మూడో వంతు సుమారు 31. మిగతాది 2026 నుంచే రావాలి. మీరు దేశం కదలకుండా ఉంటే జూన్ 2వ తేదీకి లెక్క పూర్తవుతుంది. కాబట్టి ఏప్రిల్ 15లోగా 4868 ఫారంతో గడువు పెంచుకోండి. గడువు పెరిగేది కాగితానికే, డబ్బుకు కాదు. ఇంకా కట్టాల్సిన పన్ను ఉంటే ఏప్రిల్ 15కే కట్టెయ్యాలి.

మీ ఆవిడకు సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు కాబట్టి ఆ రిటర్నుతోనే డబ్ల్యూ-7 జతచేసి ఐటిన్ అనే పన్ను నంబరు అడగాలి. పాస్‌పోర్టు అసలు ప్రతి పోస్టులో పంపడం నాకు ఇష్టం ఉండదు. ధ్రువీకరించే అధికారం ఉన్న ఏజెంట్లు ఊరూరా ఉన్నారు, వాళ్ల దగ్గరకు వెళ్లండి. ఒక హెచ్చరిక కూడా: ఈ ఎంపికను ఒకసారి రద్దు చేసుకుంటే మీరిద్దరూ మళ్లీ ఎప్పుడూ దీన్ని కోరలేరు.

ప్రశ్న: 2024 జులైలో ఓపీటీ మొదలైంది. ఇప్పటికీ ఎఫ్-1లోనే ఉన్నాను. అమెరికా వచ్చి మూడేళ్లే. నా పే స్లిప్పుల్లో మొదటి నుంచీ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోస్తున్నారు. కోయకూడదని ఈమధ్యే తెలిసింది. అడిగితే ఉద్యోగానికి ఏమైనా ముప్పా?
— షార్లట్, నార్త్ కరోలినా

జవాబు: మీ భయం నాకు అర్థమైంది. కానీ ఇది మీ డబ్బు. సోషల్ సెక్యూరిటీకి 6.2, మెడికేర్‌కి 1.45, కలిపి జీతంలో 7.65 శాతం. అందరూ ఫైకా అంటారు. ఏడాదికి 72,000 జీతమైతే 5,508 డాలర్లు. ఇంటి దగ్గర ఎడ్యుకేషన్ లోన్ మీద వడ్డీ నడుస్తుంటే అదెంత డబ్బో మీకు నేను చెప్పాలా! పైగా కంపెనీ కూడా మీ పేరున అంతే మొత్తం కడుతోంది. సరిచేస్తే వాళ్లకూ అది తిరిగొస్తుంది. కాబట్టి మీరు అడుగుతున్నది ఉపకారం కాదు, ఇద్దరికీ మేలు చేసే దిద్దుబాటు. పేరోల్ వాళ్లకు మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి: "నేను ఎఫ్-1లో ఉన్నాను, ఇది నా నాలుగో క్యాలెండర్ సంవత్సరం, పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్‌ని" అని. వాళ్లు డబ్బు వెనక్కిచ్చి, సవరించిన డబ్ల్యూ-2 ఇస్తే అక్కడితో అయిపోతుంది.

కాదంటే నేరుగా పన్నుల శాఖకు 843, 8316 ఫారాలు పంపాలి. డబ్ల్యూ-2, ఐ-94, ఐ-20, వీసా పేజీ, ఈఏడీ కార్డు నకళ్లు జతచేయండి. కాగితాల మీదే, పోస్టులోనే. జవాబు రావడానికి నెలలు పట్టినా కంగారు పడకండి. ఈ మొత్తాన్ని మీ ఆదాయపన్ను రిటర్నులో ఎక్కడో కలిపేసి తెచ్చుకోవాలని మాత్రం చూడొద్దు.

గడువు గురించి ఒక మాట. 2024 జీతంలో కోసిన దానికి 2028 ఏప్రిల్ 15 వరకు సమయం ఉంది. 2022లో ఇలా కోయించుకున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ ఆఖరి తేదీ 2026 ఏప్రిల్ 15. ఈ వారాంతమే కూర్చోండి.

రేపు హెచ్-1బి మొదలైన రోజు నుంచి ఫైకా కోత న్యాయమే. ఆ ఏడాదికి మీరు నాన్ రెసిడెంట్ అయినా సరే. హెచ్-1బికి ఈ మినహాయింపు లేదు. భారత్, అమెరికాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం కూడా లేదు.

ప్రశ్న: స్ప్రింగ్ 2021లో చేరడానికి 2020 డిసెంబరు 28న దిగాను. ఇప్పుడు స్టెమ్ ఓపీటీలో ఉన్నాను. ప్రతి ఏడాదీ 1040-ఎన్ఆర్ వేశాను. అయిదేళ్లు 2025 డిసెంబరుతో పూర్తవుతాయి కాబట్టి ఈసారీ అదే కదా?
— శాన్‌హోజే, కాలిఫోర్నియా

జవాబు: కాదు బాబూ. అయిదేళ్లంటే అయిదు పన్నెండు నెలలు కాదు, అయిదు క్యాలెండర్ సంవత్సరాలు. అందులో ఒక్క రోజున్నా ఆ ఏడాది ఖర్చయినట్టే. మీకు 2020లో ఉన్న నాలుగు రోజులకు ఒక ఏడాది పోయింది. 2020, 21, 22, 23, 24తో అయిదూ అయిపోయాయి. 2025 జనవరి 1 నుంచి మీ ప్రతి రోజూ లెక్కలోకి వస్తుంది. కొత్త సంవత్సరం నాడు ఇక్కడే ఉండి ఉంటే ఏడాది మొత్తానికీ రెసిడెంట్. ఎఫ్-1లోనే ఉన్నా సరే, ఫారం 1040.

దీనివల్ల ఫైకా కూడా 2025 జనవరి నుంచి కోయాలి. మీ పేరోల్ వాళ్లకు ఈ సంగతి తెలిసుండదు. వాళ్లకు తెలిసేదల్లా మీ వీసా రకం. మీరే చెప్పండి. తర్వాత ఒకేసారి కట్టమంటే కష్టం.

పిల్లల్ని శంషాబాద్‌లో విమానం ఎక్కిస్తున్న తల్లిదండ్రులకు కూడా ఈ జవాబు చేరాలని ఉంది. స్ప్రింగ్ సెమిస్టర్‌కి వెళ్లేవాళ్లకు డిసెంబరు 30కీ జనవరి 1కీ టికెట్ ధరలో తేడా చూస్తారు. యూనివర్సిటీ ఒప్పుకుంటే జనవరిలో దిగడమే మేలు. ఓపీటీ ఉద్యోగంలో ఉన్న ఏడాదికి ఫైకాలో వచ్చే తేడా వేల డాలర్లు.

ప్రశ్న: చదువుకునే రోజుల్లో రూమ్మేట్ తన సాఫ్ట్‌వేర్‌లోనే నాదీ వేశాడు. రెండేళ్లు 1040 వెళ్లింది. ఫీజుల మీద క్రెడిట్ అని ఓసారి డబ్బు కూడా వచ్చింది. ఇప్పుడు గ్రీన్‌కార్డు ప్రాసెస్ మొదలవుతోంది. భయంగా ఉంది.
— పేరు వద్దన్నారు

జవాబు: భయపడాల్సింది తప్పు జరిగినందుకు కాదు, తెలిశాక వదిలేస్తేనే. ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. రాసినవాళ్లలో ఎవరూ మోసం చేయాలనుకున్నవాళ్లు కారు.

1098-టి చూపించి తీసుకునే చదువు క్రెడిట్లు నాన్ రెసిడెంట్లకు లేవు. వాటిలో ఒకటి 2,500 డాలర్ల దాకా ఉంటుంది, అందులో 1,000 పన్ను లేకపోయినా చేతికొచ్చేస్తుంది. మీకు వచ్చింది బహుశా అదే. దిద్దుకునే పద్ధతి ఇది: ఏ ఏడాదికి ఆ ఏడాది ఒక 1040-ఎక్స్ నింపి, దాని వెనక సరైన 1040-ఎన్ఆర్ పెట్టి, ఆ 1040-ఎన్ఆర్ పైన సవరించినదని రాయాలి. వివరణ గడిలో ఉన్నదున్నట్టు రెండు వాక్యాలు చాలు: "ఆ ఏడాది నేను ఎఫ్-1లో నాన్ రెసిడెంట్‌ని, పొరపాటున రెసిడెంట్ ఫారం వేశాను." రావాల్సినదానికన్నా ఎక్కువ తీసుకున్నది, దాని మీద వడ్డీ కలిపి కట్టండి. వాళ్ల ఉత్తరం వచ్చేదాకా ఆగొద్దు. మీ అంతట మీరు దిద్దుకున్న ఫైలుకీ, వాళ్లు పట్టుకున్న ఫైలుకీ చాలా తేడా ఉంటుంది. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో పన్నుల గురించి అడిగితే ఈ కాగితాలే మీకు అండ.

ఇంకెవరైనా స్నేహంగా మీ రిటర్ను వేస్తానంటే, సంతకం ముందు ఫారం పేరు ఒక్కటి చూడండి. కింద సంతకం మీది.

ప్రశ్న: (1) ఎఫ్-1లో ఉండగా ఫోన్ యాప్‌లో షేర్లు కొని అమ్మాను. (2) మధ్యలో న్యూజెర్సీ నుంచి టెక్సాస్ మారాను. స్టేట్ పన్ను సంగతేంటి?
— ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఏడాదిలో 183 రోజులు ఇక్కడున్న నాన్ రెసిడెంట్‌కి షేర్ల నికర లాభం మీద పన్ను 30 శాతం, శ్లాబులతో పని లేదు. స్టాండర్డ్ డిడక్షన్ కూడా దాన్ని తగ్గించదు. బ్యాంకు సేవింగ్స్ వడ్డీ మీద మాత్రం నాన్ రెసిడెంట్‌కి పన్ను లేదు. రెసిడెంట్ అయ్యే దాకా షేర్ల జోలికి వెళ్లొద్దనే నా సలహా.

న్యూజెర్సీలో ఉన్న నెలలకు అక్కడ పార్ట్ ఇయర్ రిటర్ను వేయాలి. టెక్సాస్‌లో జీతం మీద స్టేట్ పన్ను లేదు. స్టేట్లు ఎవరు రెసిడెంటో సొంతంగా తేల్చుకుంటాయి. కాలిఫోర్నియా లాంటివి దేశాల మధ్య ఒప్పందాలను లెక్కలోకి తీసుకోవు.

ప్రశ్న: మా అబ్బాయికి 2024 అక్టోబరులో హెచ్-1బి వచ్చిందమ్మా. ఇక్కడ బ్యాంకులో నాకూ వాడికీ కలిపి పాతిక లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది. రెండెకరాల పొలం వాడి పేరున ఉంది, ఏటా కౌలు వస్తుంది. ఇవన్నీ అక్కడ చెప్పాలట, నిజమేనా? పొలం ఆదాయానికి ఇక్కడ పన్ను లేదు కదా?
— ఓ తల్లి, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. మంచి సమయానికి అడిగారు. మీవాడు 2025 జనవరి నుంచి రెసిడెంట్. అప్పటి నుంచి ఇండియాలో తన పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు, అంటే సుమారు తొమ్మిది లక్షలు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. జాయింట్ ఖాతా అయినా, డబ్బంతా మీదే అయినా, వాడి పేరుంటే మొత్తం చూపాలి. ఆ నివేదికకు పన్నేమీ కట్టక్కర్లేదు, తెలియజేయడమే. కానీ తెలియజేయకపోతే జరిమానా వేల డాలర్లలో ఉంటుంది. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 వరకు పొడిగింపు ఉంటుంది.

పొలం ఎఫ్‌బార్‌లోకి రాదు. కౌలు డబ్బు మాత్రం వాడి అమెరికా రిటర్నులో ఆదాయమే. ఇండియాలో వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోవడం ఇక్కడ చెల్లదు. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. మ్యూచువల్ ఫండ్లు కూడా వాడి పేరున ఉంటే ముందే చెప్పండి, వాటి లెక్క చాలా చిక్కు. వాడి పాత సేవింగ్స్ ఖాతా ఇంకా మామూలుగానే ఉంటే బ్యాంకులో చెప్పి ఎన్ఆర్ఓగా మార్పించండి.

మీరు చేయాల్సింది ఇంతే. బ్యాంకుకు వెళ్లి, 2025 జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు ఆ డిపాజిట్ స్టేట్‌మెంటు అడగండి. మార్చి నుంచి మార్చికి కాదు, జనవరి నుంచి డిసెంబరుకని గట్టిగా చెప్పండి. కౌలు ఎంత వచ్చిందో, ఏ తేదీన వచ్చిందో ఒక కాగితం మీద రాయండి. రెండూ ఫొటో తీసి మీవాడికి వాట్సాప్‌లో పంపండి.